గుర్రానికి కవచం అమ్మినప్పటి నుంచి యూసీ దాకా

పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఏదైనా రీఛార్జి షాపు దగ్గర కాసేపు నిలబడితే, పబ్జీ లాంటి ఫోన్ ఆటల్లో వాడే యూసీ (డబ్బులిచ్చి కొనే ఆట నాణేలు) కోసం వచ్చిన కుర్రాళ్ల నోట ఈ మాట వినిపిస్తుంది: "అన్నా, చిన్న ప్యాకు వేస్తే పాసుకి చాలదు, పెద్దది వేస్తే మిగిలిపోతాది, ఏటి చెయ్యమంటావు?" పాస్ అంటే ఆటలో బహుమతులు తెరుచుకోవడానికి కొనే టికెట్టు లాంటిది. ఆ చాలకపోవడం, మిగిలిపోవడం అనుకోకుండా జరిగేవి కావు, దానికి దాదాపు ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది.

డిస్కుల రోజుల్లో ఆటకి అదనపు భాగం కావాలంటే ఎక్స్‌పాన్షన్ ప్యాక్ అని ఇంకో డిస్కు కొనేవాళ్లు. పెద్ద ధర, పెద్ద సరుకు, గొడవ లేదు. మన వైపు ఒకడి దగ్గర డిస్కు ఉంటే వీధంతా ఆడేది (అసలువెన్ని, కాపీలెన్ని అని అడక్కండి).

2005 చివర్లో మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటల యంత్రం (కన్సోల్) ఎక్స్‌బాక్స్ 360 వచ్చాక లెక్క మారింది. చిన్న చిన్న ముక్కలు కూడా నెట్‌లో అమ్మొచ్చు, అదీ డాలర్లలో కాదు, మైక్రోసాఫ్ట్ పాయింట్లలో. 2006 ఏప్రిల్‌లో బెథెస్డా వాళ్లు ఆబ్లివియన్ ఆటలో గుర్రానికి కవచం 200 పాయింట్లకి పెట్టారు. అంటే రెండున్నర డాలర్లు. కథలో దానితో పనేమీ లేదు, గుర్రం మెరుస్తుంది, అంతే. జనం ఎంత ఎగతాళి చేశారో అంతగానూ కొన్నారు. నాకైతే ధర కన్నా ప్యాకింగే అసలు తెలివి అనిపిస్తుంది: డాలరుకి 80 పాయింట్లు, కన్సోల్‌లో కొనగలిగిన కనీస ప్యాకు 500. కవచం పోగా మిగిలిన 300 ఊరికే పడుంటాయి, వాటిని ఖర్చుపెట్టడానికి ఇంకేదో వెతుక్కోవాలి, వెతికితే దానికి ఇంకొన్ని పాయింట్లు తక్కువ పడతాయి.

తర్వాత కంపెనీల కన్ను సెకండ్ హ్యాండ్ డిస్కుల మీద పడింది. 2010లో ఈఏ అనే ఆటల కంపెనీ ఆన్‌లైన్ పాస్ తెచ్చింది: కొత్త డిస్కులో ఒక్కసారి వాడే కోడ్ ఉంటుంది, పాత డిస్కు కొన్నవాడు ఆన్‌లైన్‌లో ఆడాలంటే ఇంకో పది డాలర్లు కట్టాలి. చేతులు మారే డిస్కుల మీదే బతికే మనలాంటి ఊళ్లలో అది ఎవరికి నచ్చుతుంది? 2013లో వాళ్లే ఎత్తేశారు. ఈలోగా 2012లో క్యాప్‌కామ్ ఇంకో అడుగు ముందుకేసింది. స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్‌లో 12 పాత్రలు కొన్న డిస్కులోనే ఉన్నాయి, కాకపోతే తాళం వేసి ఉన్నాయి, తాళంచెవికి వేరే డబ్బులు! అదే ఏడాది మాస్ ఎఫెక్ట్ 3 విడుదలైన రోజే ఒక పాత్రను పది డాలర్లకి విడిగా అమ్మారు. అందరూ ఇలాగే చేశారని కాదు, 2015లో విచర్ 3 వాళ్లు 16 చిన్న డీఎల్‌సీలు (నెట్ నుంచి దించుకునే అదనపు ముక్కలు) ఉచితంగా ఇచ్చి, గంటల తరబడి ఆడే పెద్ద భాగాలకే డబ్బులు తీసుకున్నారు.

ఫోన్ ఆటలు వచ్చాక ఆటే ఉచితమైపోయింది, అమ్మేదంతా బట్టలు, తుపాకుల రంగులు, పాసులు. లోపల ఏముందో తెలియకుండానే డబ్బులిచ్చి తెరిచే, అదృష్టం మీద ఆధారపడే లూట్ బాక్సులు జూదం చట్టానికి విరుద్ధమని 2018లో బెల్జియం తేల్చింది. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ని మన ప్రభుత్వం నిషేధించడం, 2021లో దాని భారత్ రూపం బీజీఎంఐ రావడం తెలిసిందే, యూసీ మాత్రం ఎక్కడికీ పోలేదు.

మైక్రోసాఫ్ట్ 2013లోనే పాయింట్లు తీసేసి ఏ దేశంలో ఆ దేశపు డబ్బుల్లో ధర చూపించడం మొదలుపెట్టింది. కాబట్టి ఇది చెయ్యలేని పని కాదు. రీఛార్జి షాపు ముందు నిలబడ్డ కుర్రాడికి ఆ పాస్ ఎన్ని రూపాయలో నేరుగా రాస్తే సరిపోతుంది, అలా రాయనంత కాలం ప్యాకుల బేరం ఇలాగే సాగుతుంది.