దాహమేస్తే మొక్క అరుస్తుందా? అపోహలు - వాస్తవాలు

కడియంలో మా నర్సరీకి వచ్చేవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు: "నీళ్లు పోయకపోతే మొక్కలు ఏడుస్తాయటగా, నిజమేనా అండీ?" ఫోన్లో వీడియోలు కూడా చూపిస్తున్నారు. అందులో నిజమూ ఉంది, కల్పనా ఉంది. మొక్కల మీద బతికేవాణ్ని కాబట్టి రెండూ విడదీసి చెప్పాలనిపించింది.

అపోహ: ఇదంతా కట్టుకథ.

కాదు. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హదానీ బృందం 2023లో 'సెల్' పత్రికలో ఈ పరిశోధన ప్రచురించింది. వాళ్లు ముఖ్యంగా పరీక్షించింది టమాటా, పొగాకు. రెండూ మన గోదావరి లంకల్లో పండేవే. నీళ్లు ఆపేసిన టమాటా మొక్క గంటకు 30 నుంచి 50 సార్లు చిటుక్కుమంది. నీళ్లు అందుతున్న మొక్క గంటకు ఒక్కసారి కూడా అనలేదు.

అపోహ: చెవి ఆనిస్తే వినొచ్చు.

శబ్దపు కంపనాలు 20 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 20 వేలు, దాటితే మన చెవి వినలేదు. ఆ చిటుకులు 40 నుంచి 80 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. వీడియోల్లో మోగేది మనకు వినపడేలా కంపనాల వేగం తగ్గించిన శబ్దం.

అపోహ: అది బాధతో పెట్టే కేక.

మొక్కకు నాడులు లేవు, మెదడు లేదు. ఎండకు ఆకుల్లోంచి నీరు ఆవిరవుతుంటే, ఆ లాగుడుకే వేళ్ల దగ్గరి నీరు కాండంలోని సన్నటి గొట్టాల్లో పైకి ఎక్కుతుంది. నేల ఎండేకొద్దీ లాగుడు బిగుస్తుంది. ఒక దశలో నీటి ధార తెగి, గాలి బుడగ పుడుతుంది. శబ్దానికి కారణం చాలావరకు అదేనని ఆ బృందం అభిప్రాయం. కేక కాదు కదా అని తేలిగ్గా తీసుకోకండి. బుడగ అడ్డుపడిన గొట్టంలో నీరు నడవదు. అలాంటివి పెరిగితే కొమ్మ చివర్ల నుంచి ఎండుతుంది.

ఈ సంగతి శాస్త్రవేత్త జగదీశ్ చంద్రబోస్ ఎప్పుడో చెప్పారు కదా అంటారు కొందరు. ఆ మహానుభావుడు కొలిచింది మొక్కల్లో విద్యుత్ స్పందనల్నీ, ఎదుగుదలనీ. ఈ చిటుకుల్ని కాదు.

అపోహ: మొక్కలు ఇలా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి.

దీనికి రుజువు లేదు. పురుగులు వింటున్నాయన్నది మాత్రం ఆసక్తికరం. అదే విశ్వవిద్యాలయంలో ఒక జాతి ఆడ రెక్కల పురుగులకు రెండు పచ్చటి టమాటా మొక్కలు చూపించి, ఒకదాని దగ్గర ఈ చిటుకులు వినిపిస్తే, అవి నిశ్శబ్దంగా ఉన్న మొక్క మీదే ఎక్కువ గుడ్లు పెట్టాయి. పురుగు విన్నంత మాత్రాన మొక్క దానికి చెప్పినట్టు కాదు.

అపోహ: మొక్క వాలిందంటే దాహమే, వెంటనే నీళ్లు పొయ్యాలి.

నన్నడిగితే అన్నిటికంటే చేటు చేసేది ఇదే. మిట్టమధ్యాహ్నం ఎండకు ఆకులు వాలి, సాయంత్రానికి లేస్తే కంగారు అక్కర్లేదు. తెల్లవారినా వాలే ఉంటే అప్పుడు మట్టి చూడండి. పొడిగా ఉంటే దాహం. తడిగా ఉండి కూడా వాలితే వేళ్లకు గాలి ఆడక కుళ్లుతున్నట్టు. దాని మీద మళ్లీ నీళ్లు పోస్తే చంపినట్టే. మన డెల్టా ఒండ్రు మట్టి నీటిని ఒక పట్టాన వదలదు. ఇక్కడ కుండీ మొక్కలు ఎండి కంటే మునిగి పోయేవే ఎక్కువ.

ఆ పరిశోధనలో నాకు ఆశ కలిగించే సంగతి ఒకటుంది. పైకి వాడినట్టు కనపడకముందే శబ్దాలు మొదలయ్యాయి, అయిదో రోజుకు బాగా పెరిగాయి, మొక్క పూర్తిగా ఎండేకొద్దీ తగ్గాయి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు, ఏ మడికి ముందు నీళ్లు పెట్టాలో చెప్పే పరికరం దీన్నుంచి వస్తే ఎంత మేలు! అది చేతికొచ్చేదాకా మేం చేసేది మీరూ చెయ్యండి: నీళ్లు పోసే ముందు మొక్క సంచిని ఒకసారి ఎత్తి, బరువు చూడండి. తేలిగ్గా లేస్తేనే పొయ్యండి.