ప్రాధాన్య ఓటు, ఓట్ల చీలిక: కొన్ని అపోహలు, వాస్తవాలు

కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానానికి ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ, గుంటూరులో గణాంకశాస్త్రం బోధించే నన్ను పాత విద్యార్థులు అడిగే ప్రశ్నలు దాదాపు అవే. ఈవీఎం మీట నొక్కడానికి అలవాటు పడినవారికి, ఊదా రంగు స్కెచ్ పెన్నుతో పేర్ల ఎదుట 1, 2, 3 అని అంకెలు వేయడం కొత్తగానే ఉంటుంది. ఆ కొత్తదనం చుట్టూ అల్లుకున్న నమ్మకాలలో నాకు తరచూ ఎదురయ్యేవాటిని ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: ప్రాధాన్య ఓటు ఉంటే ఓట్ల చీలిక అన్న మాటే ఉండదు.

వాస్తవం: ఇది సగమే నిజం. మన ఎమ్మెల్సీ లెక్కింపులో, చెల్లిన ఓట్లలో సగానికి పైగా ఎవరికీ రాకపోతే, అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చినవారిని తొలగించి, వారి బ్యాలెట్లను తరువాతి ప్రాధాన్యం ప్రకారం మిగిలినవారికి పంచుతారు. చిన్న అభ్యర్థి చీల్చే ఓట్లకు ఇది మంచి విరుగుడు. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా ఫలితం 537 ఓట్ల తేడాతో తేలింది; మూడవ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు అక్కడ 97 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. తొలగింపు పద్ధతి ఉండి ఉంటే ఆ ఓటర్ల రెండవ ప్రాధాన్యం కూడా లెక్కలోకి వచ్చేది.

అయితే మూడవ అభ్యర్థి చిన్నవాడు కానప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. విజయవాడలో వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్ష ఎన్నిక జరుగుతోందనుకుందాం. మెయింటెనెన్స్ పెంచాలనే అనసూయ గారు, ఉన్నదే కొనసాగించాలనే భాస్కర్ గారు, తగ్గించాలనే చంద్రం గారు పోటీలో ఉన్నారు. 39 మంది అనసూయ, భాస్కర్, చంద్రం అనే వరుసలోనూ, 37 మంది చంద్రం, భాస్కర్, అనసూయ అనే వరుసలోనూ ఓటేశారు. మిగిలిన 24 మంది మొదటి ప్రాధాన్యం భాస్కర్ గారికే ఇచ్చి, రెండవది 15 మంది చంద్రం గారికి, 9 మంది అనసూయ గారికి ఇచ్చారు. మామూలు పద్ధతిలో 39 ఓట్లతో అనసూయ గారు గెలుస్తారు. తొలగింపు పద్ధతిలో ముందుగా భాస్కర్ గారు బయటికి వెళ్తారు, ఆపై చంద్రం గారు 52–48తో నెగ్గుతారు. కానీ అనసూయ గారు నామినేషనే వేయకుండా ఉంటే భాస్కర్ గారు చంద్రం గారిని 63–37తో ఓడించేవారు. అంటే మొదటి రౌండులో అందరికన్నా ముందున్న అభ్యర్థే ఇక్కడ ఓట్లు చీల్చారు! ఆమెకు ఓటేసిన 39 మంది, తమకు అస్సలు నచ్చని వ్యక్తిని గెలిపించి ఇంటికి వెళ్లారు.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2009లో అమెరికాలోని బర్లింగ్టన్ నగర మేయర్ ఎన్నికలో సరిగ్గా ఇదే జరిగింది. ముఖాముఖి పోటీలో ఎవరినైనా ఓడించగల ఆండీ మాంట్రోల్ చివరి రౌండుకు చేరకుండానే తొలగిపోయారు. మరుసటి ఏడాదే అక్కడి ఓటర్లు ఆ పద్ధతిని రద్దు చేసుకున్నారు. 2022 ఆగస్టులో అమెరికాలోనే అలాస్కా రాష్ట్రపు ఉప ఎన్నికలో నిక్ బెగిచ్ అనే అభ్యర్థి పరిస్థితీ అంతే.

అపోహ: తొలగింపుతో గొడవ ఎందుకు, స్థానాన్ని బట్టి మార్కులు వేసి కూడితే సరిపోతుంది.

వాస్తవం: ఫ్రెంచి శాస్త్రవేత్త బోర్డా 18వ శతాబ్దంలో ప్రతిపాదించిన పద్ధతి ఇదే. మొదటి స్థానానికి 2, రెండవదానికి 1, మూడవదానికి సున్నా చొప్పున పై ఉదాహరణలో మార్కులు వేస్తే భాస్కర్ గారు 124తో సులువుగా గెలుస్తారు, కాబట్టి ఇది చూడముచ్చటగానే కనిపిస్తుంది. దీని లోపం వేరే చోట ఉంది. 60 మంది రాము వైపు, 40 మంది సోము వైపు ఉన్న సంఘంలో, సోము తన తమ్ముడి చేత కూడా నామినేషన్ వేయించాడనుకోండి. ఆ 60 మంది రాము, సోము, తమ్ముడు అని, 40 మంది సోము, తమ్ముడు, రాము అని వరుస ఇస్తే, రాముకు 120, సోముకు 140 వస్తాయి. ఒక్క మనసూ మారకుండానే ఫలితం తారుమారైంది. డమ్మీ నామినేషన్లలో మనవాళ్ల నైపుణ్యం తెలిసినవాణ్ణి కాబట్టి, ఈ పద్ధతిని ఏ సంఘానికీ నేను సిఫారసు చేయను.

అపోహ: రెండవ ప్రాధాన్యం ఇస్తే మొదటివారికి నష్టం.

వాస్తవం: ఎమ్మెల్సీ ఎన్నికలో ఆ భయం అక్కర్లేదు, మీ మొదటి అభ్యర్థి తొలగిపోయేదాకా మీ రెండవ అంకెను ఎవరూ లెక్కించరు. బోర్డా పద్ధతిలో మాత్రం నష్టం నిజమే.

అపోహ: 1969లో వెనుకబడిన వి.వి.గిరిని రెండవ ప్రాధాన్య ఓట్లే రాష్ట్రపతిని చేశాయి.

వాస్తవం: ఆయన వెనుకబడనే లేదు. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548 ఓట్ల విలువ వచ్చింది. గెలవడానికి కావలసినది 4,18,169. తుది లెక్కలో గిరి 4,20,077కు, రెడ్డి 4,05,427కు చేరారు. తేడా తీసి చూడండి: బదిలీలలో రెడ్డికి దాదాపు 92 వేలు కలిస్తే, గిరికి కలిసింది 18,562. రెండవ ప్రాధాన్యాలు మొగ్గింది ఎక్కువగా రెడ్డి వైపే, కాకపోతే అవి చాలలేదు.

అపోహ: ఏ పద్ధతీ నిర్దోషం కాదని ఆర్థికవేత్త కెనెత్ యారో నిరూపించాడు, కాబట్టి అన్నీ ఒకటే.

వాస్తవం: 1951 నాటి ఆ సిద్ధాంతం చెప్పేది, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్నప్పుడు వరుసల మీద ఆధారపడే ఏ న్యాయమైన పద్ధతీ చీలిక ప్రమాదాన్ని పూర్తిగా తప్పించలేదని. ఏ పద్ధతిలో ఆ ప్రమాదం ఎంత తరచుగా వస్తుందో అది చెప్పదు. ప్రతి ఇద్దరినీ ముఖాముఖి పోల్చే కాండార్సే పద్ధతిలో, అందరినీ ఓడించే ఒకరు ఉన్నంతవరకు, ఓడినవారు పోటీలో ఉన్నా లేకపోయినా విజేత మారరు. మొదటి అభ్యర్థి రెండవవారిని, రెండవవారు మూడవవారిని, మూడవవారు మళ్లీ మొదటివారిని ఓడించే చక్రం ఏర్పడినప్పుడే చిక్కు. 1987లో ఆర్థికవేత్త టైడ్‌మన్ ప్రతిపాదించిన పద్ధతి, పెద్ద తేడాతో వచ్చిన గెలుపులను ముందుగా ఖాయం చేసుకుంటూ వచ్చి ఆ చక్రాన్ని విడదీస్తుంది. సోము తమ్ముడి ఎత్తు కూడా దాని ముందు పారదు.

ముగ్గురు నలుగురు పోటీ చేసే సంఘాలకు నేను సూచించేది ఇదే. ఎమ్మెల్సీ స్థాయిలో చేతి లెక్కింపుకు మాత్రం ఇది బరువైన పని, ఎందుకంటే 25 మంది అభ్యర్థులుంటే పోల్చవలసిన జతలు 300 అవుతాయి, ప్రతి బ్యాలెట్‌నూ ఆ జతలన్నింటికీ చదవాలి.