ఎర్రమట్టి దిబ్బల నడక: సముద్రపు గాలి వడదెబ్బను ఆపదు

“సముద్రం పక్కనే కదా, వడదెబ్బ ఎందుకు తగులుతుంది?” విశాఖ దగ్గర, భీమిలి రోడ్డులో సముద్రం పక్కనున్న ఎర్రమట్టి దిబ్బలకు నడకకొచ్చేవాళ్లు మాటిమాటికీ అడిగేది ఇదే. చేతిలో అర లీటరు సీసా, బయలుదేరేది పదింటికి. అన్నిటికంటే ముందు ఈ అపోహ పోవాలి.

ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం. విశాఖ ఉక్కపోతలో అది ఆరదు, చొక్కా తడిపి కారిపోతుంది. 35 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే నీడలో ఉన్నా 50 డిగ్రీలున్నట్టే ఉంటుంది. పైగా మనం నడిచేది వాననీళ్లు కోసిన సందుల్లో. దిబ్బలు కొన్నిచోట్ల 30 మీటర్ల ఎత్తుంటాయి. భీమిలి రోడ్డు మీద చున్నీ ఎగరగొట్టిన గాలి, ఆ సందు అడుగున జీడిమామిడి ఆకుని కూడా కదిలించదు.

ఇంకో చిక్కుంది. సందులు సముద్రం వైపు దిగుతాయి కాబట్టి పోయేటప్పుడు హాయిగా ఉంటుంది. తిరుగుదారిలో ఎండ ముదిరాక, కాలు దిగబడే ఇసుకలో ఎక్కాలి. గట్టి నేల మీది నడకకు ఇది దాదాపు రెట్టింపు శ్రమ.

అందుకే మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారగానే మొదలుపెట్టి తొమ్మిదికల్లా బండి దగ్గరికి చేరాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగాలి. సీసాలు సగం అవకముందే, ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. గంటకు లీటరున్నర దాటి ఉత్త నీళ్లే పట్టిస్తే రక్తంలో ఉప్పు పలచబడుతుంది, అదీ ప్రమాదమే. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో పూర్తిగా కలపాలి, కొంచెం కొంచెం కాదు. ప్యాకెట్ లేకపోతే లీటరుకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలవాలి. డబ్బాలో తియ్యటి పండ్లరసం ఓఆర్ఎస్ కాదు.

“చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే” అనే మాట మరీ ప్రమాదకరం. ఎండలో శ్రమపడి వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. చూడాల్సింది చెమట కాదు, మాట, నడక. ఈరోజు ఏ వారమో చెప్పలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా, అడుగు తడబడినా వెంటనే నీడకు చేర్చండి. బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, టవల్‌తో ఆపకుండా విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు చల్లార్చడం ఆపకూడదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు.

బీపీకి మూత్రం మాత్రలు వాడేవాళ్లు కంగారుపడి మానేయక్కర్లేదు. ఎండలో ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టర్ని ముందే అడిగి, చలికాలంలో రండి.

“వచ్చిన దారే కదా, తప్పిపోం” అనుకుంటారు. దిగేటప్పుడు పాయలన్నీ ఒకదాంట్లో కలుస్తాయి. ఎక్కేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా ఎటో తేల్చుకోవాలి. అందుకని దిగుతూ ప్రతి చీలికలో వెనక్కి తిరిగి ఫొటో తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు కనబడే దృశ్యం అదే. గుర్తు కోసం గోడ గీకొద్దు. ఇది 2014లో ప్రకటించిన జాతీయ భౌగోళిక వారసత్వ ప్రదేశం.

ఎర్రగా గట్టిగా కనిపించినా ఆ గోడ రాయి కాదు, ఐరన్ ఆక్సైడ్ పూత పట్టిన ఇసుక. వాన వెలిశాక దాని కింద కూర్చోకండి, సెల్ఫీ కోసం అంచు మీద నిలబడకండి.