బయోకెమిస్ట్రీ అంటే బట్టీయేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ క్లాసులు మొదలైన వారానికే పిల్లలు ఒక్కొక్కరుగా నా దగ్గరికొస్తారు. దేవరకొండ, హాలియా, మునుగోడు వైపు నుంచి డిగ్రీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చేసి వచ్చినవాళ్లే ఎక్కువ. అందరిదీ ఒకటే మాట: "సార్, గీ పాత్‌వేలన్నీ యాదికుంటయా? నాతోని అయితదా?" అప్పటికే సీనియర్లు ఈ పాత్‌వేలు, అంటే ఒంట్లో రసాయన చర్యలు వరసగా సాగే దారులు, అన్నీ గీసిన పెద్ద మెటబాలిజం చార్టు కొనిపించి హాస్టల్ గోడకు అంటింపజేసి ఉంటారు.

అపోహ: అడ్వాన్స్‌డ్ బయోకెమిస్ట్రీ అంటే చార్టులు బట్టీ కొట్టడం.

పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఇదే. గ్లైకోలైసిస్, అంటే కణం గ్లూకోజ్‌ను విరగ్గొట్టే దారి, 10 స్టెప్పులూ గడగడా అప్పజెప్పేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. ఫ్లోరైడ్ ఏ ఎంజైమును ఆపుతుందంటే "ఎనొలేజ్" అని ఠక్కున అంటారు. బాగానే ఉంది. షుగర్ టెస్టుకు బూడిద రంగు మూత ట్యూబులో రక్తం తీస్తారు, అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. మరి రక్తం తీశాక మొదటి గంట, రెండు గంటల్లో కూడా గ్లూకోజ్ ఎందుకు తగ్గుతూ పోతుంది? ఇక్కడ క్లాసంతా తలలు దించుకుంటుంది.

ఎనొలేజ్ తొమ్మిదో స్టెప్పు. గ్లూకోజ్‌ను పట్టుకునే హెక్సోకైనేజ్ మొదటి స్టెప్పు. కింద దారి మూసుకున్నా, కణంలో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఉన్నంతసేపు పైన గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగులుతూనే ఉంటుంది. అందుకే ఫ్లోరైడ్ ట్యూబే కదా అని శాంపిల్‌ను బల్ల మీద వదిలెయ్యకూడదు, చల్లగా ఉంచి త్వరగా ప్లాస్మా వేరుచేయాలి. ఈ జవాబుకు కావలసిన ముక్కలన్నీ ఆ పిల్లలకు తెలుసు. ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెట్టి చూడమని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఈ పాఠం జరుగుతుంటే ఒకసారి, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ వైపు నుంచి వచ్చే అమ్మాయి లేచింది. "అయితే సార్, మా ఊర్ల ముసలోళ్ల నడుములు వంగింది ఎనొలేజ్ ఆగినందుకేనా?" ప్రశ్న నాకు చాలా నచ్చింది. జవాబు చెప్పకుండా చాక్‌పీసు చేతికిచ్చి, "లెక్క వెయ్యి బిడ్డా" అన్నాను. ట్యూబులో మిల్లీలీటరు రక్తానికి సుమారు 2.5 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ పడుతుంది. సోడియం ఫ్లోరైడ్ బరువులో 42కు 19 వంతులు ఫ్లోరైడ్. అంటే లీటరుకు 1,100 మిల్లీగ్రాముల పైమాట. తాగేనీటిలో ఫ్లోరైడ్ ఉండదగ్గ గరిష్ఠం లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మన బోర్లలో దానికి ఎన్నో రెట్లున్నా ఆ వెయ్యి దరిదాపుల్లోకి రాదు, తాగినవాళ్ల రక్తంలో ఉండేది ఇంకా తక్కువ. బోర్డు మీద లెక్క తేలేసరికి ఆమే అంది: "అయితే ఇది ఎముకల కథ సార్, ఎంజైముది కాదు." అవును. ఎముకలోని ఖనిజమైన హైడ్రాక్సీఅపటైట్‌లో హైడ్రాక్సిల్ ఉండే చోట ఫ్లోరైడ్ వచ్చి కూర్చోవడం ఏళ్ల తరబడి జరిగే పని. ఆ ఒక్క లెక్కతో ఇన్హిబిషన్ (ఎంజైమును ఆపడం), గాఢత, ఎముక ఖనిజం మూడూ ఆమెకు పట్టుబడ్డాయి. ఏ చార్టులోనూ ఇది దొరకదు.

బట్టీ ఖరీదు రీసెర్చ్ ఫెలోషిప్‌కు, లెక్చరర్ అర్హతకు పెట్టే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో తెలిసొస్తుంది. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులకైతే అందులో 100 పార్ట్ సీవే. 75 ప్రశ్నలిచ్చి 25 రాయమంటారు, ఒక్కోటి 4 మార్కులు, తప్పు రాస్తే కోత. గ్రాఫో, జెల్ బొమ్మో ఇచ్చి దీన్నిబట్టి ఏం తేలుతుందని అడిగితే అప్పజెప్పడానికేముంటుంది?

అపోహ: కణంలో ఒక గ్లూకోజ్ పూర్తిగా ఖర్చయితే 38 ఏటీపీ వస్తాయి.

పాత లెక్క. ఎలక్ట్రాన్లను మోసే అణువుల్లో ఎన్‌ఏడీహెచ్‌కు 2.5, ఎఫ్‌ఏడీహెచ్2కు 1.5 చొప్పున వేసుకుంటే 30 లేదా 32 వస్తుంది. సైటోసాల్‌లోని (కణద్రవంలోని) ఎన్‌ఏడీహెచ్ ఎలక్ట్రాన్లు ఏ షటిల్ (దాటించే ఏర్పాటు) ద్వారా మైటోకాండ్రియా లోపలికి పోయాయన్నదాన్నిబట్టి ఆ తేడా. "పరీక్షలో ఏది రాయాలె సార్?" అని దయచేసి నన్ను అడగొద్దు, కూడి చూపించండి.

అపోహ: ఇది చదివితే రక్త పరీక్షల ల్యాబ్ పెట్టుకోవచ్చు.

తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. టెక్నీషియన్ పనికి డీఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) లాంటి కోర్సులు వేరే ఉన్నాయి. మన పిల్లలు రీసెర్చ్‌కో, టీచింగ్‌కో, హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీ వైపు బయోటెక్, ఫార్మా కంపెనీలకో వెళ్తారు. ఎవరో చెప్పారని సీటు తీసుకుని రెండేళ్ల తర్వాత బాధపడేకంటే ముందే అడగండి.

అపోహ: తెలుగు మీడియంవాళ్లకు ఇది రాదు.

ఈ మాట పుట్టించినవాళ్ల మీద నాకు కోపం, నమ్మి ఏడ్చే పిల్లల మీద జాలి. ఇంగ్లిష్ పుస్తకం మొదటి సెమిస్టర్‌లో కష్టంగానే ఉంటుంది. అబద్ధం చెప్పను. రోజుకు రెండు పేజీలు చాలు. చదివింది పక్కన పుస్తకం లేకుండా రూమ్మేట్‌కు తెలుగులోనే చెప్పి చూడండి, ఎక్కడ ఆగిపోయారో అక్కడ పెన్సిల్‌తో గీత గీసి నా దగ్గరికి తెండి.