ఆఫ్రికా నవలలు, చరిత్ర: క్లాసులో వినిపించే అపోహలు

డిగ్రీ పిల్లలకు ఆఫ్రికా సాహిత్యం చెబుతుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఈ మాటలు వినక తప్పదు.

అపోహ: నవలంటే కల్పన. చరిత్ర కావాలంటే చరిత్ర పుస్తకమే చదవాలి.

వాస్తవం: తేదీలకు, లెక్కలకు చరిత్ర పుస్తకమే దిక్కు, కాదనను. నైజీరియాలో రాజులే లేని ఇగ్బో జాతి ఊళ్ల మీద బ్రిటిష్‌వాళ్లు తమ మనుషులను 'వారెంట్ చీఫ్'లుగా కూర్చోబెట్టారని, ఆ కోపం 1929లో స్త్రీల తిరుగుబాటుగా పేలిందని అందులో ఉంటుంది. కానీ ఆ పాలన ఒక ఊరి బతుకును సరిగ్గా ఎక్కడ విరిచిందో తెలియాలంటే నైజీరియా రచయిత చినువా అచెబె 1964 నాటి నవల 'యారో ఆఫ్ గాడ్' చదవాలి.

అందులో ఎజెయులు అనే పెద్దాయన ఊరి దేవుడికి పూజారి. నెలపొడుపు కనబడ్డప్పుడల్లా పవిత్రమైన పెండలం దుంప ఒకటి కాల్చుకుని తింటాడు. ఆ దుంపలు అయిపోవస్తేనే కొత్త పంట పండగ. పండగ అయ్యాకే ఊరు పొలంలో దుంప తవ్వాలి. దొరలు చీఫ్ పదవి ఇస్తామంటే ఈయన వద్దంటాడు. నిర్బంధంలో ఉంచుతారు. అక్కడ ఉండగా రెండు నెలపొడుపులు దాటిపోయి రెండు దుంపలు మిగిలిపోతాయి. ఇంటికొచ్చాక, అవి తినేదాకా పండగ లేదని భీష్మించుకుంటాడు. పంట మట్టిలోనే పాడవుతుంది, ఆకలి మొదలవుతుంది. మా దేవుడికి ఒక దుంప ఇచ్చి మిగతావి తవ్వుకోండి, మీకేమీ కాదని చర్చివాళ్లు ధైర్యం చెబుతారు. జనం అటు నడుస్తారు.

మతం మారడమంటే బలవంతమో, ప్రలోభమో అని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను.

అపోహ: తెల్లవాళ్లు రాకముందు అంతా స్వర్గమేనని ఈ రచయితలు రాస్తారు.

వాస్తవం: చదవనివాళ్ల మాట ఇది. అచెబె 1958 నాటి తొలి నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'లోనే కవలలు పుడితే అడవిలో పారేసే ఆచారం ఉంది. ఊరు దూరం పెట్టిన, జుట్టు కత్తిరించుకునే హక్కు కూడా లేని 'ఒసు'లు ఉన్నారు. వాళ్లు చర్చికి వస్తే, రానివ్వాలా వద్దా అని కొత్తగా చేరిన క్రైస్తవుల్లోనే గొడవ. ఆ పేజీ దగ్గర మా క్లాసులో అర్థం కాలేదనేవాళ్లు ఉండరు.

అపోహ: ఒక నవల చదివితే ఆఫ్రికా తెలిసిపోతుంది.

వాస్తవం: 54 దేశాలండీ బాబూ. ఇగ్బో ఊరి గురించి చదివి, కెన్యాలో గికుయు జాతివాళ్ల భూమి గొడవ కూడా తెలిసిపోయిందనుకోకండి.

అపోహ: అంతా ఇంగ్లిష్‌లో, బయటివాళ్ల కోసం రాసిందే.

వాస్తవం: కెన్యా రచయిత గూగీ వా థియాంగో 1977లో ప్రచురించిన ఘాటైన ఇంగ్లిష్ నవలను కెన్యా ప్రభుత్వం భరించింది. అదే ఏడాది కమిరీతు గ్రామస్తులతో గికుయు భాషలో నాటకం ఆడించేసరికి విచారణ కూడా లేకుండా జైల్లో వేసింది. అక్కడ టాయిలెట్ పేపర్ మీద గికుయులో నవల రాశాడు. దాన్ని వరవరరావు, తానూ జైల్లో ఉన్నప్పుడే, 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేశారు. ఇంగ్లిష్ అంటే టెన్షన్ పడేవాళ్లు దానితో మొదలుపెట్టొచ్చు.