రక్తం గురించి బ్లడ్ బ్యాంక్ కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను బ్లడ్ బ్యాంక్‌లో టెక్నీషియన్‌ని. పేషెంట్ తాలూకు వాళ్లకి పసుపు రంగు ప్యాకెట్ చేతికిస్తే "ఇదేంటండీ, మాకు రక్తం కావాలి" అని కంగారు పడిపోతారు. అది ప్లాస్మా అండీ, రక్తంలో దాదాపు 55 శాతం అదే, ఎక్కువ నీళ్లే కానీ రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లు, యాంటీబాడీలు అందులోనే ఉంటాయి. ఎవరికి ఏది తక్కువైతే అదే ఎక్కిస్తాం, మొత్తం రక్తం ఎక్కించాల్సిన అవసరం చాలా తక్కువ.

అపోహ: డెంగీలో ప్లేట్‌లెట్స్ లక్ష కిందకి పడితే వెంటనే ఎక్కించేయాలి.

వాస్తవం: వానాకాలం వచ్చిందంటే మాకు ఇదే గొడవ. మామూలుగా ఒకటిన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండే కౌంట్ డెంగీలో 30 వేలకి పడినా బ్లీడింగ్ లేకపోతే సాధారణంగా ఎక్కించరు, సుమారు 10 వేల కిందకి వెళ్తేనే ఆలోచిస్తారు, పైగా ఎక్కించినవి కూడా ఆ టైంలో ఒంట్లో నిలబడవు. అసలు ప్రాణం మీదకి తెచ్చేది వేరే ఉంది. జ్వరం తగ్గే టైంలో సన్న రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోయి పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది, లోపల రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది. ఇంట్లోవాళ్లేమో జ్వరం తగ్గింది కదా అని ఇంటికి తీసుకెళ్లిపోతారు, దయచేసి అలా చేయకండి. రిపోర్ట్‌లో ప్లేట్‌లెట్స్ ఒక్కటే కాదు, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల శాతం, రక్తం చిక్కబడితే ఇది పెరుగుతుంది) పెరుగుతోందా అని డాక్టర్‌ని అడగండి, కడుపునొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. బొప్పాయి ఆకు రసం ఈ లీకేజీని ఆపుతుందని రుజువు లేదు.

ఇంకోటి, ప్లేట్‌లెట్ ప్యాకెట్ 5 రోజులే ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టం, 20-24 డిగ్రీల్లో మెషిన్ మీద ఊపుతూనే ఉండాలి. మీరు అవసరం లేకుండా పట్టుబట్టి తీసుకెళ్తే కీమో జరుగుతున్న పిల్లలకి ఆ రోజు దొరకదు.

అపోహ: బీట్‌రూట్ తింటే రక్తం పడుతుంది.

వాస్తవం: దాని ఎరుపుకీ హిమోగ్లోబిన్‌కీ సంబంధం లేదు, ఐరన్ కూడా కొంచెమే. ఆకుకూరలు, లివర్ తినండి, పప్పులో నిమ్మకాయ పిండుకోండి, భోజనం అవ్వగానే టీ మానేయండి. బాగా తక్కువుంటే డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు వాడాల్సిందే.

అపోహ: రక్తం ఇస్తే నీరసం వచ్చి ఎప్పటికీ కోలుకోరు.

వాస్తవం: పెద్దవాళ్ల ఒంట్లో 5 లీటర్ల దాకా ఉంటే మేం తీసేది 350 లేదా 450 మిల్లీలీటర్లు. నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది, ఎర్ర కణాలకి కొన్ని వారాలు, ఐరన్‌కి ఇంకా ఎక్కువే పడుతుంది, అందుకే మగవాళ్లకి 3 నెలలు, ఆడవాళ్లకి 4 నెలలు గ్యాప్ పెట్టారు.

అపోహ: సొంత అన్నదమ్ముల రక్తమైతేనే మంచిది.

వాస్తవం: ఇది చెప్తే ఎవరూ నమ్మరు కానీ నిజానికి దగ్గరి చుట్టాల రక్తంతోనే ఒక రిస్క్ ఎక్కువ. వాళ్ల తెల్ల కణాలని పేషెంట్ ఒళ్లు పరాయివని గుర్తుపట్టకపోవచ్చు, అవి అక్కడే పెరిగి పేషెంట్ మీదే దాడి చేస్తాయి, చాలా అరుదు కానీ వస్తే బతకడం కష్టం. రేడియేషన్ ఇచ్చిన ప్యాకెట్ అయితే ఆ భయం ఉండదు, ఆ మెషిన్ అన్ని చోట్లా ఉండదు. కాబట్టి తమ్ముడు రక్తం ఇస్తానని వస్తే సంతోషంగా తీసుకుంటాం, కానీ అది వేరే పేషెంట్‌కి వెళ్తుంది, మీవాళ్లకి స్టాక్‌లోంచి క్రాస్ మ్యాచ్ చేసి, అంటే పేషెంట్ రక్తానికి సరిపోతుందో లేదో పరీక్షించి ఇస్తాం. దానికి మా మీద కోప్పడకండి.