నెత్తిన పుట్టిన గొడుగు

2016 ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఓ బాలికల పాఠశాలలో నల్లజాతి అమ్మాయిలు నిరసనకు దిగారు. తల మీద సహజంగా బిగుతు రింగులుగా పెరిగే ఆఫ్రో జుట్టు చిందరవందరగా ఉందని, దాన్ని సాఫీ చేసుకుని రమ్మని బడిలో ఒత్తిడి చేస్తున్నారన్నది వాళ్ల ఫిర్యాదు. ముందు నిలబడిన జులైఖా పటేల్‌కి అప్పటికి 13 ఏళ్లే. గొడవ పెద్దదయ్యాక అక్కడి విద్యాశాఖ జోక్యం చేసుకుని జుట్టు నిబంధనను ఆపించింది.

అసలు ఆ పిల్లల్ని ఏం మార్చుకోమన్నారో చూడండి. జుట్టు ఆకారం చర్మం లోపల, కుదురులోనే ఖాయమైపోతుంది. కుదురు నిటారుగా ఉంటే వెంట్రుక సాఫీగా వస్తుంది, కుదురే వంపు తిరిగి ఉంటే వెంట్రుక కూడా చుట్టలు చుట్టుకుంటూ బయటికొస్తుంది, ఎంత దువ్వినా అంతే. అందుకే రిలాక్సర్లు, అంటే రింగుల జుట్టుని సాఫీ చేసే మందులు వచ్చాయి. వాటిలో ఉండేది గాఢమైన క్షారం, కొన్నింటిలో ఏకంగా కాస్టిక్ సోడా. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్‌కి ఆకారాన్నిచ్చే గంధకపు బంధాల్ని అది తెంచేస్తుంది. ఒక్కోసారి మాడు కూడా కాలుతుంది. పిల్లల కోసమంటూ వేరే డబ్బాలు కూడా అమ్మారు, అది తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. పైగా ఇంత చేసినా కుదురు మారదు కదా, కొన్ని వారాలకే వెంట్రుకల మొదళ్ల దగ్గర మళ్లీ రింగులు మొలుస్తాయి.

ఇంతకీ ఆ రింగులు ఎందుకున్నాయి? 2023లో టీనా లసీసీ, నీనా జబ్లాన్‌స్కీ అనే శాస్త్రవేత్తల బృందం ఒక ప్రయోగం వివరాలు ప్రచురించింది. మనిషి ఒంటి వేడి ఉండే బొమ్మకి రకరకాల విగ్గులు పెట్టి, ఎండలాంటి దీపాల కింద ఉంచి, తలకి ఎంత వేడి చేరుతోందో కొలిచారు. ఏ జుట్టయినా కొంత కాపాడింది, కానీ అన్నిటికంటే బాగా కాపాడింది బిగుతు రింగుల జుట్టే. మాడుని చల్లబరచడానికి పట్టాల్సిన చెమట కూడా దాని కింద బాగా తగ్గింది. నడినెత్తిన ఎండ కాసే ఆఫ్రికాలో, తరతరాలుగా పెద్దదవుతూ వచ్చిన ఆదిమానవుల మెదడుకి అది గొడుగులా పనికొచ్చి ఉంటుందని వాళ్ల ఆలోచన. చిందరవందర అని తిట్టించుకున్నది ఈ గొడుగే!

మన ఇళ్లల్లోనూ ఉంగరాల జుట్టు పిల్లని పట్టుకుని పిచ్చుక గూడు అనేస్తాం. తిరుమలలో మనవాళ్లిచ్చే తలనీలాలు వేలంలో అమ్ముడై, విగ్గులుగా, సవరాలుగా దేశాలు దాటతాయి. వాటిని కొనేవాళ్లలో నల్లజాతి మహిళలు ఎందరో ఉన్నారు, కాబట్టి ఈ కథ మనకి మరీ దూరమైనదేం కాదు.

ఇలాంటి జుట్టున్న పిల్లకి తల దువ్వడం కూడా వేరుగా ఉంటుంది. మాడులో ఊరే నూనె చుట్టల వెంట కిందిదాకా జారదు, అందుకే కొసలు ఎండిపోయి పుటుక్కున తెగుతాయి. పొడి తలని పైనుంచి బర్రున దువ్వితే పిల్ల ఏడుస్తుంది, ఆ ఏడుపుతోనే తన జుట్టంటే విసుగూ మొదలవుతుంది. తడిపి, కండిషనర్ పట్టించి, పాయలు తీసి, పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. గంట పట్టొచ్చు, ఈలోగా ఆ గొడుగు సంగతి చెప్పండి, వింటుంది.